స్వప్నజాగృతి సాధనలో ఉత్సాహభంగం ఎందుకు?

స్వప్నం నడుస్తుండగానే "ఇది స్వప్నం" అని గుర్తించగల స్థితిని ఆధునికులు లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. స్వప్నజాగృతి అనడం మనకు సహజంగా ఉంటుంది. దీనిని అభ్యసించేవారు మొదటి వారంలో చూపే ఉత్సాహం మూడవ మాసానికి మిగలదు. తలగడ ప్రక్కన ఉంచుకున్న స్వప్నలేఖన పుస్తకంలో పుటలు ఖాళీగా మిగులుతాయి. దీనికి కారణం సంకల్పబలం లోపించడం కాదు. ఫలాన్ని కొలిచే మానదండం సరియైనది కాకపోవడమే.

ఇది సాధ్యమేనా అన్న సంశయానికి తావు లేదు. 1975లో ఇంగ్లాండులోని హల్ నగరంలో కీత్ హెర్న్ పరిశీలిస్తుండగా, అలన్ వర్స్‌లీ నిద్రలోనుండే ముందుగా నిశ్చయించుకున్న నేత్రచలనాలతో సంకేతమిచ్చాడు. స్వప్నకాలంలో దేహం చాలవరకు నిశ్చేష్టమైనా కన్నులు కదలగలవు. తరువాత అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ ఇదే విషయాన్ని స్వతంత్రంగా నిరూపించాడు. స్వప్నాన్ని సాధనాంగంగా గ్రహించడం భారతీయులకు క్రొత్త కాదు. పతంజలి స్వప్నజ్ఞానాన్ని చిత్తస్థైర్యానికి ఒక ఆలంబనంగా సమాధిపాదంలోనే చెప్పాడు.

ఆ పాదంలోనే ఆయన తొమ్మిది అంతరాయాలను పరిగణించాడు. వాటిలో చివరి రెండూ ఈ సాధకుని కథనే చెబుతున్నట్లుంటాయి. ఒకటి అలబ్ధభూమికత్వం, అంటే ఎంత యత్నించినా భూమిక లభించకపోవడం. రెండవది అనవస్థితత్వం, అంటే లభించిన భూమికలో నిలువలేకపోవడం. నెలల తరబడి ఎదురుచూసిన ఎరుక ఒక రాత్రి తటాలున కలుగుతుంది. ఆ సంతోషోద్వేగానికే మెలకువ వచ్చేస్తుంది. సాధకుడు దీనిని తన అయోగ్యతగా భావిస్తాడు. నిజానికి అది మార్గంలో అందరికీ ఎదురయ్యే మజిలీ. అంతరాయానికి ముందే ఒక పేరు ఉన్నదని తెలిసినవాడు దానిని చూచి వెనుదిరగడు.

అభ్యాసం దృఢపడటానికి పతంజలి చెప్పినవి మూడు: దీర్ఘకాలం, నిరంతరత, సత్కారం. మొదటి రెండింటిని అందరూ స్మరిస్తారు; మూడవదాన్ని మరుస్తారు. సత్కారమంటే ఆదరభావం. అర్ధరాత్రి అలారం పెట్టుకొని నిద్రను పదే పదే భగ్నం చేసుకోవడం ఆదరం కాదు, హింస. స్వప్నబహుళమైన నిద్ర తెల్లవారుజామున దీర్ఘమవుతుంది. కనుక వేళకు పడుకొని తనివితీరా నిద్రించడమే ప్రథమ సాధన. మేల్కొనగానే కదలకుండా స్మరించి, గుర్తున్న ఒక్క ముక్కనైనా వ్రాసుకోవడం రెండవది. పగలు "ఇది జాగ్రత్తా, స్వప్నమా?" అని విచారించడం మూడవది. ఈ ప్రశ్నను యాంత్రికంగా వేసుకొంటే స్వప్నంలోనూ "జాగ్రత్తే" అన్న యాంత్రిక సమాధానమే వస్తుంది.

"ఏడాది గడిచినా ఒక్క స్వప్నంలోనూ ఎరుక కలుగకపోతే శ్రమ వ్యర్థమే కదా?" అన్న ఆక్షేపం సహజం. స్వప్నంలో ఆకాశవిహారం చేయడమే లక్ష్యమైతే అది వ్యర్థమే. ఇంద్రియభోగాన్ని పగటినుండి రాత్రికి విస్తరింపజేయగోరేవాడికి ప్రతి శూన్యరాత్రీ నష్టమే. కానీ గౌడపాదాచార్యులు మాండూక్యకారికల వైతథ్య ప్రకరణంలో స్వప్నదృశ్యాన్నీ జాగ్రద్దృశ్యాన్నీ ఒకే విచారణకు గురిచేశారు. ఆ దృష్టితో వేసుకున్న ప్రశ్న పగటివేళనే ఫలిస్తుంది. క్రోధం ఉబికినప్పుడు "దీనిని చూస్తున్నదెవరు?" అని ఒక్క క్షణం ఆగగలిగినవాడు ఆనాటి సాధనను వ్యర్థం చేసుకోలేదు.

కావున లభించిన స్వప్నాలను లెక్కించడం మాని, పగలు ఎన్నిసార్లు నిజంగా మేలుకొన్నాడో సాధకుడు చూసుకోవాలి. అభ్యాసానికి వైరాగ్యం తోడు కావాలన్న మాట ఇక్కడ ఎంతో ఆచరణీయం. ఫలం కోసం తహతహ తగ్గినప్పుడే నిద్ర ప్రశాంతమవుతుంది. ప్రశాంతమైన నిద్రలోనే ఎరుక కలిగే అవకాశం మెండు. రాకపోయినా, మరునాటి పగలు మిగిలే ఉంటుంది.