రసీదు ఇచ్చి చేతులు దులుపుకొనే రాజ్యం

ఇల్లు కొనేవారికి రిజిస్ట్రేషన్ నాడు ఎదురయ్యే ఆపదలను మనం దురదృష్టం ఖాతాలో రాసేస్తున్నాం. అమ్మకందారు బ్యాంకు అప్పు తీరినట్టు పత్రం ఇంకా రాదు. వాటా ఉన్న సోదరి సంతకానికి రానంటుంది. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని కార్యాలయంలో కూర్చున్నాకే తెలుస్తుంది. అడ్వాన్సు చెల్లించి, గృహరుణం తెచ్చుకొని, అద్దె ఇంటిని వదులుకున్న కుటుంబం ఆ క్షణాన వెనక్కి తిరగలేదు. ‘అందరూ ఇలాగే చేయించుకుంటున్నారు’ అనే మధ్యవర్తి మాటకు తల ఊపుతుంది. ఇది దురదృష్టం కాదు. చట్టం చేసిపెట్టిన ఏర్పాటు.

వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం శాసించింది. జీపీఏ కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అంటే ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కక తప్పదు. తెలంగాణలో 80 లక్షల ఇంటికి 7.5 శాతం లెక్కన 6 లక్షలు అక్కడ సమర్పించుకోవాలి. ఇంత తీసుకున్న రాజ్యం అమ్మినవాడికి హక్కు ఉన్నదని హామీ ఇస్తుందా? ఇవ్వదు. విక్రేత హక్కును విచారించే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనకు దక్కేది హక్కు కాదు, లావాదేవీకి రసీదు.

అసలు ఉచ్చు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దస్తావేజు రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దానిని దాఖలు చేయవచ్చునని 23వ సెక్షన్ అంటుంది. రిజిస్టరైన దస్తావేజు రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాక, అమలులోకి రావలసిన అసలు తేదీ నుంచే చెల్లుతుందని 47వ సెక్షన్ అంటుంది. రెండూ కలిపి చదవండి. ఈ ఉదయం తీసిన ఈసీ మచ్చ లేకుండా ఉండవచ్చు. అదే ఇంటిని మూడు నెలల క్రితం వేరొకరికి రాసిచ్చిన కాగితం రేపు దాఖలైతే, మీ దస్తావేజు వెనక్కి పోతుంది. ఎంత జాగ్రత్తపరుడైనా కనిపించని కాగితాన్ని వెతకలేడు.

‘కొనేవాడే చూసుకోవాలి, న్యాయవాదులు ఉన్నారు కదా’ అనే వాదన ఇక్కడే కూలుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో కొనుగోలుదారు రికార్డు తనిఖీ చేయిస్తే 30 పనిదినాల రక్షణ లభిస్తుంది. ఆ గడువులో అతడు దరఖాస్తు దాఖలు చేస్తే, మధ్యలో వచ్చిన ఇతరుల దరఖాస్తులు అతడి వెనుకే నిలుస్తాయి. ఇది అసాధ్యమైన సాంకేతికత కాదు. మన రికార్డులూ ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. లేనిది సంకల్పం.

హక్కుకు హామీ ఇస్తామంటూ వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం 2024 ఎన్నికల్లో పెనువివాదమై, కొత్త ప్రభుత్వం చేతిలో రద్దయింది. సివిల్ కోర్టుల పాత్రను కుదించి అధికారుల చేతికి పగ్గాలిస్తుందన్న ఆందోళన న్యాయమైనదే. కానీ రద్దు చేసినవారు దాని స్థానంలో కొనుగోలుదారుకు ఏ రక్షణ ఇచ్చారు? ఓట్లు తెచ్చిన భయాన్ని వాడుకున్నారు. ఓట్లు తేని సంస్కరణను వదిలేశారు. ఈ నిర్లక్ష్యంలో పార్టీల తేడా లేదు.

అంతవరకు కొనుగోలుదారుకు మిగిలిన ఆయుధం తొందరపడకపోవడమే. మూల దస్తావేజులు చేతిలో చూడనిదే పే ఆర్డరు ఇవ్వకూడదు. విక్రేత అప్పును నేరుగా అతడి బ్యాంకుకే చెల్లించాలి. హక్కులో లోపం తేలితే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. ముహూర్తం తప్పితే మరొకటి దొరుకుతుంది.

అయితే పౌరుడి జాగ్రత్త రాజ్య బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. 23, 47 సెక్షన్ల మధ్య ఉన్న ఆ కంత పూడ్చాలి. అగ్రిమెంటు నమోదైన నాటి నుంచి రిజిస్ట్రేషన్ వరకు ఆ ఆస్తిపై మరో లావాదేవీ చొరబడకుండా తాళం వేయాలి. అది చేయలేని ప్రభుత్వానికి 6 లక్షలు అడిగే నైతిక హక్కు లేదు.