కొండ మీది ఖబర్

పత్రికల కాలం పోయింది, ఫోన్ల కాలం వచ్చింది, ఇక ప్రతివాడూ విలేకరే అంటున్నారు. అంటున్నదెవరు? నిన్న పత్రికలు నడిపినవాళ్లు, ఇవాళ చానెళ్లు నడుపుతున్నవాళ్లు, పార్టీలకు సోషల్ మీడియా దళాలు సమకూర్చి పెడుతున్నవాళ్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి ఆఫీసులో తెలుగు రాసి బతికే మేము, ముస్లిం పాత్రికేయులం, ఈ మాటను నమ్మదలచలేదు. అరకు కొండల మీద నిలబెట్టి పరీక్షించదలిచాం.

మీకూ ఆదివాసీలకూ ఏం సంబంధమని అడుగుతారు. తెలుగు పత్రికల్లో అరకు ఎప్పుడొస్తుంది? థింసాకు, బొర్రా గుహలకు, కాఫీకి. లేదంటే ఎదురుకాల్పులకు, గంజాయికి. మేమెప్పుడొస్తాం? రంజాన్‌లో హలీంకు, ఎన్నికల్లో టోపీలకు. లేదంటే బాంబుకు. మీకు మేం ముచ్చటైనా కావాలి, భయమైనా కావాలి. ఈ రెంటి మధ్యా ఉన్న బతుకు, అంటే బడి, భూమి, రేషన్, పురుడు, మీకు వార్త కాదు. ఇదీ మా చుట్టరికం.

ఒక్క 2007 చూడండి. మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. అయిదు రోజులకు లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకుపోతే పోలీసులు చెప్పిందే శీర్షికైంది. మక్కా మసీదు పేరుతో అలా పట్టుకుపోయినవాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. వాకపల్లి స్త్రీలు నోరు విప్పితే అది ‘ఆరోపణ’ అయింది, ‘మావోయిస్టుల ప్రోద్బలం’ అయింది. పోలీసు మాట నిజమట, స్త్రీ మాట ఆరోపణట! రెండు చోట్లా వార్త రాసింది ఠాణాయే.

2018 ఏప్రిల్ 16న మక్కా మసీదు కేసులో అసీమానంద సహా అయిదుగురూ విడుదలయ్యారు. 2023 ఏప్రిల్ 6న వాకపల్లి కేసులో పోలీసులూ విడుదలయ్యారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే అన్నది, బాధితులకు పరిహారం ఇవ్వమన్నది. మధ్యలో పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఎన్ని చానెళ్లు, ఎన్ని కెమెరాలు! వాటిలో కొండెక్కినవెన్ని?

కొండెక్కకపోవడానికి కారణం ఉంది. ‘ఈనాడు’ 1974 ఆగస్టు 10న పుట్టింది ఈ కొండల కింద విశాఖపట్నంలోనే. 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాక మండలానికో విలేకరి వచ్చాడు. మిగతా పత్రికలదీ అదే దారి. 1992 నెల్లూరు సారా పోరాటం పల్లె నుంచి రాష్ట్రమంతా పాకిందంటే ఆ పేజీల చలవ కూడా ఉంది, కాదనం. కాని ఆ మండల విలేకరికి జీతం లేదు. అచ్చయిన వార్తకింత, తెచ్చిన ప్రకటన మీద కమీషన్ ఇంత. ప్రకటన ఇచ్చేదెవరు? కాంట్రాక్టరు, నాయకుడు. రోడ్డు వెయ్యని కాంట్రాక్టరు దగ్గర ప్రకటన తీసుకున్న చెయ్యి ఆ రోడ్డు గురించి ఏం రాస్తుంది?

పైన యజమాని సంగతి ఇంకా బాగుంది. 1997 సమత తీర్పు తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గని లీజు ఇవ్వడం కుదరదు. అందుకని సర్కారు సంస్థ తవ్వాలి, కంపెనీలకు బాక్సైట్ అప్పజెప్పాలి అని ఉపాయం వేశారు. వై.ఎస్. ప్రభుత్వం జిందాల్‌తో, రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు చేసుకుంది. (ముస్లిం పాలకుల ఎమిరేట్ అయినంత మాత్రాన ఆ పెట్టుబడి మాకు చుట్టం కాదు.) అప్పుడు తెలుగుదేశం వద్దంది. 2015లో అదే తెలుగుదేశం జీవో 97 ఇచ్చింది, జగన్ వద్దన్నారు. 2019లో ఆయన ప్రభుత్వం రద్దు చేసింది. కొండ అదే, బాక్సైట్ అదే. కుర్చీని బట్టి కోపాలు మారాయి. ఏ పత్రిక ఏ పార్టీ కళ్లతో ఈ కొండను చూసిందో తెలుగు పాఠకుడికి మేం చెప్పక్కరలేదు.

సరే, ఫోన్ వచ్చింది. 2023 జూన్‌లో, వాకపల్లి తీర్పు వచ్చిన రెండు నెలలకు, ఒకేరోజు 100 జియో టవర్లు ప్రారంభించారు. 85 అల్లూరి జిల్లావే. ఆదివాసీ కుర్రాడి చేతికి కెమెరా వచ్చింది. నిండు చూలాలిని డోలీలో మోస్తుంటే తీసి పంపుతున్నాడు. దానివల్ల అక్కడక్కడా అధికారి కదిలాడు. మంచిదే. కాని కొండ దిగిన వీడియో పార్టీ ఆఫీసు చేరుతుంది. ప్రతిపక్షం ఎత్తుకుంటుంది, అధికారపక్షం అబద్ధమంటుంది. ఎన్నికలయ్యాక వేషాలు తారుమారవుతాయి, డోలీ మాత్రం అదే భుజాల మీద ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చేసింది కదా, విలేకరి ఇక కదలడు. ఆ తల్లి బతికిందా, మంజూరైన రోడ్డు డబ్బు ఏమైంది అని అడిగే దిక్కు లేదు. ఏది జనం ముందుకు రావాలో ఇదివరకు ఎడిటర్ తేల్చేవాడు, ఇప్పుడు అమెరికా కంపెనీ లెక్క తేలుస్తోంది. దొర మారాడు గాని గడి అలాగే ఉంది.

ఆ కుర్రాడి ఇంటి భాష కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. గోడు చెప్పుకోవాలంటే తెలుగులోకి రావాలి. మా దక్కనీ గతీ అంతే. సినిమాలో నవ్వులాటకు పనికొస్తుంది, వార్తకు పనికిరాదు.

ఫోన్ ప్రజాస్వామ్యం తెచ్చిందనే లౌకిక మిత్రులకు 2020 గుర్తు చేస్తున్నాం. తబ్లిగీ జమాత్ పేరుతో ‘కరోనా జిహాద్’ అని ఫోన్లు మోగిపోయాయి, చానెళ్లు వంత పాడాయి. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, వాళ్లను బలిపశువులను చేశారని చెప్పి కేసులు కొట్టేసింది. అబద్ధం పాకినంత దూరం ఆ తీర్పు పాకిందా?

సమత తీర్పు లైకులతో రాలేదు. బొర్రా ప్రాంతపు లీజు కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చింది. వార్త అన్నా మాకు అంతే. 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో చచ్చిపోయిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావాడు. తన కౌమ్ పేరు చెప్పుకున్న అధికారానికి ఎదురు రాసి చచ్చిపోయాడు. కాబట్టి మా మనిషికో యూట్యూబ్ చానెల్ ఉంటే చాలని సరిపెట్టుకోం.

మేమడిగేవి మూడు. మండల విలేకరికి జీతం ఇవ్వండి. మన్యం వార్త రాయడానికి మన్యం భాషలొచ్చిన ఆదివాసీలను ఉద్యోగంలోకి తీసుకోండి. పోలీసు మాటను ఎంత అక్షరాల్లో వేశారో, నిర్దోషి అన్న తీర్పునూ అంతే అక్షరాల్లో వెయ్యండి. ఇవి చెయ్యకుండా కాగితం మీంచి ఫోన్ మీదికి మారామని గొప్పలు చెప్పుకోకండి. వాకపల్లి స్త్రీలు 2007లో చెప్పిన మాటే ఇంకా చెబుతున్నారు. వినని చెవులు మీవి.