ముచ్చటకూ ఓ లెక్కుంది!

సంక్రాంతి వస్తోందంటే కృష్ణా డెల్టాలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల సందడి మొదలవుతుంది. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. చూసేవారికి అది కొద్ది నిమిషాల వినోదం. పోషించే రైతుకు మాత్రం... ఏడాది పొడవునా ఖర్చు!

దుక్కి దున్నడానికి ట్రాక్టరొచ్చాక, పందెం గిత్త పొలంలో సంపాదించి పెట్టేదేమీ లేదు. ఉలవలు, తవుడు కొనాలి. కసరత్తు చేయించడానికి మనిషిని పెట్టాలి. ఊరూరా తిప్పడానికి లారీ కిరాయి సరేసరి. బహుమతి వచ్చినా చాలాసార్లు చేతిచమురు వదులుతుంది.

మరి రైతులు ఎందుకు మానుకోరు? కిటుకు పోటీల ఏర్పాటులోనే ఉంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్స్‌, సీనియర్స్‌... ఇలా విభాగాలుంటాయి. చిన్న గిత్తలకు తేలిక బండ. లేత జతతో వచ్చిన కొత్త రైతు పేరుమోసిన జతతో తలపడనక్కర్లేదు. బహుమతులూ ఒకటీ రెండూ కాదు, చాలాచోట్ల ఐదారు స్థానాల దాకా ఇస్తారు. పెద్దల జ్ఞాపకార్థం దాతలు ఇచ్చేవీ వాటిలో ఉంటాయి.

అందుకే నిర్వాహకులు మొదటి బహుమతిని ఇంకా పెంచేకన్నా, కింది స్థానాల వారికి దారిఖర్చులైనా ముట్టేలా చూడటం మేలు. చిన్న రైతు తప్పుకుంటే మిగిలేది నాలుగు డబ్బున్న జతలే. ఇక గెలుపు కోసం కర్రకు పనిచెబితే... అది ముచ్చట కాదు, హింస!