పూజకు పనికిరాని పువ్వు

సముద్రం దాటిన పూజకు ఏదో లోపం ఉంటుందనే వాదం మన పెద్దలలో ఇప్పటికీ పోలేదు. సముద్రయానం దోషమనే రోజులు గడచిపోయినవి. ఆ దోషం మనిషిని వదలి ఇప్పుడు పువ్వును పట్టుకొన్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో, అబర్డీన్ బజారుకు వినాయక చవితి పత్రి కొనవచ్చే తెలుగు గృహస్థునికి ఈ వాదం ఇంటినుంచే వెంట వస్తుంది. ఇరువదియొక్క పత్రులూ ఇక్కడ దొరకవట. మెయిన్‌లాండు నుంచి వచ్చిన చేమంతి వాడినదట. కాబట్టి ఇక్కడి పూజ రెండవ తరగతి పూజ అట. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన కుటుంబాల భక్తికి ఇది చిన్న అవమానం కాదు.

ఆ పత్రుల పట్టికనే చూతము. అందులో దేవదారు ఉన్నది. అది హిమాలయాల చెట్టు. వంశధార ఒడ్డున ఏ పురోహితుని పెరట్లో అది మొలచినది? తరతరాలుగా మనవారు దేవదారు పేరు చదివి, చేతికందిన ఆకో, నాలుగు అక్షతలో వేసి నమస్కరించినారు. విఘ్నేశ్వరుడు అందుకు కోపించినట్లు ఎవరూ చెప్పలేదు. ఏడాది పొడుగునా ఆయనకు వద్దన్న తులసిని ఆ ఒక్కనాడు సమర్పించవచ్చునని మినహాయింపు చేసికొన్నదీ మన ఆచారమే. శ్రీకాకుళంలో ఆచారమైన సర్దుబాటు అబర్డీన్ బజారులో అపచారం ఎట్లయినది?

ఇక మనవని గర్వించే పూల గోత్రాలు అడుగుదాము. బంతి మెక్సికో దేశపు పువ్వు. ఐరోపా నావికుల రాకపోకలు సాగిన కాలంలో సముద్రం దాటి వచ్చినది. దానిని విడిచి దసరా తోరణం కట్టే ఇల్లు ఏది? గుడి ముంగిట నిలిచే దేవగన్నేరు అమెరికా ఖండపుది. అన్నిటికన్న చోద్యం నాగలింగ పుష్పం. దక్షిణ అమెరికా అరణ్యాలలో పుట్టిన ఆ చెట్టు పువ్వులో మన భక్తులు పడగను చూచినారు, పడగ నీడన లింగాన్ని చూచినారు. చూచిన క్షణాన అది శైవమైపోయినది. మల్లికార్జున పుష్పమని పేరు కూడ పెట్టినారు. ఏ ఆగమం అనుమతించినదని అడిగినవారు లేరు. అడగనక్కరలేదు కూడ, ఆ చూపే అనుమతి. పారిజాతం మాటేమిటి? నందనవనంలోని చెట్టును పెకలించి తెచ్చి సత్యభామ పెరట్లో నాటినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు. ఆ కథనే నంది తిమ్మన ప్రబంధం చేసినాడు. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదనే నియమాన్ని కూడ ఆ పారిజాతం కోసమే సడలించుకొన్నారు. పత్రమూ పుష్పమూ చాలునన్న గీతాకారుడు వాటి పేర్లు చెప్పలేదని ఈ సందర్భంలో గుర్తు చేయవలసి వచ్చినందుకు విచారిస్తున్నాను.

అండమాను నేలను పూజా పుష్పాలు లేని నేల అనేవారు 1922లో అచ్చయిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ గ్రంథాన్ని ఒకసారి తెరచి చూడవలెను. ఈ దీవుల ఆదివాసులు అడవిలో ఏ పువ్వు ఎప్పుడు పరిమళిస్తుందో దానిని బట్టి కాలాన్ని గుర్తించేవారని, ఈడేరిన బాలికకు అప్పుడు పూస్తున్న చెట్టు పేరు పెట్టేవారని అందులో ఉన్నది. పంచాంగాన్నే పూలతో అల్లుకొన్నవారు వారు. 1858లో బ్రిటిషువారు ఇక్కడ ఖైదీల వలస నెలకొల్పినారు. మరుసటి మే నెలలో ఈ అబర్డీన్ వద్దనే ఆదివాసులు వారితో పోరాడి ఓడినారు. అటువంటి చోట నిలబడి పూజార్హమైన పువ్వు లేదనడానికి అజ్ఞానమొక్కటే చాలదు, కొంత నిర్దయ కూడ కావలెను.

నాకు తోచే అసలు నష్టం వేరు. దీవులలో గడప దాటితే నలుగురికీ ఉమ్మడి భాష హిందీ. బజారులో మందారం గుడ్‌హల్, గన్నేరు కనేర్, పారిజాతం హరసింగార్. హిందీ నాకు పరాయిది కాదు; ఆ భాషనుంచి తెలుగు చేయడంలోనే సగం జీవితం గడచినది. హరసింగార్ ఎంతో అందమైన మాట. కాని ఆ మాట వింటే సత్యభామ అలుక స్ఫురించదు. కొందరు అనువాదకులు కనేర్ ఎదురైనప్పుడు ‘ఒకానొక పుష్పము’ అని వ్రాసి దాటిపోతారు; మరికొందరు నిఘంటువు చూచి కరవీరమంటారు. పెరటి గన్నేరు మాత్రం పాఠకునికి చేరదు. పువ్వు ఏ నేలలో పూస్తేనేమి. దాని పేరుతోపాటే కథ కూడ పోతున్నది. దీనికి బెంగపడేవారు లేరు.

పత్రి తక్కువైనదని నొచ్చుకొనే పెద్దలు ఇంటి పిల్లలను దొడ్లోకి తీసికొనిపోయి ఇది మందారం, ఇది నందివర్ధనం, ఇది గన్నేరు అని ఎందుకు చెప్పరు? వాడిన చేమంతి కోసం కనిపెట్టుకొని ఉండే శ్రద్ధలో పదవవంతు దానికి చాలును.