న్యాయవాది ప్రాణము

నిందితుని పక్షమున నిలిచిన న్యాయవాదిని నేరమునకే కొమ్ముగాచినవానిగా ఎంచుట మనలో పాతుకొనిన భ్రాంతి. బెదిరింపులకు ఊపిరి పోయునది ఈ భ్రాంతియే. 2000 నవంబరులో హైదరాబాదున పౌరహక్కుల న్యాయవాది పురుషోత్తం హతుడైనాడు. 2010 ఫిబ్రవరి 11న షాహిద్ ఆజ్మీ ముంబయిలోని తన కార్యాలయముననే తుపాకి గుండ్లకు బలియైనాడు. 2008 నాటి ముంబయి దాడుల కేసులో ఆజ్మీ ఎవరి పక్షమున వాదించుచుండెనో, ఆ నిందితుని విచారణ న్యాయస్థానము మూడు నెలలు నిండకముందే నిర్దోషిగా విడిచినది. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. వాదించిన నోరు మూతపడినను వాదము నిలిచినది. అందరు కక్షిదారులకును ఆ భాగ్యము దక్కునా?

కోరిన న్యాయవాదిచే వాదింపజేసుకొను హక్కును మన రాజ్యాంగపు 22వ అధికరణము ప్రసాదించినది. న్యాయవాదికి రక్షణ లేనినాడు ఆ హక్కు కాగితముపై అక్షరమే. ఆ రక్షణ ప్రభుత్వము కల్పింపవలె. నిందకును నేరమునకును గల భేదము మనము నేర్వవలె.