ఘనస్థితి వేరు, ఘనత వేరు



ఒక్క వాక్యంలో తేలిపోవలసిన సంగతిని వేల రూపాయల బేరంగా మార్చి అమ్ముతున్న వర్తకుల మీద, వారికి వంతపాడుతున్న వీడియో పండితుల మీద ఈ టపా. "క్రిప్టో మైనింగు కంప్యూటరుకు ఏ ఎస్సెస్డీ వేయాలి?" అన్నది ప్రశ్న. "చిన్నది, చౌకలో నమ్మదగినది" అన్నది జవాబు. ఈ ప్రశ్నకూ ఈ జవాబుకూ నడుమ ఎంత వ్యాపారం నడుస్తున్నదో చెప్పడమే నా ఉద్దేశం. తెలుగు పండితుడు తన సంధులూ సమాసాలూ చూసుకోక డిస్కుల జోలికి ఎందుకు పోయాడని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. మాటను అడ్డం పెట్టుకొని మోసం జరిగేచోట మాట చదువుకున్నవాడికి పని ఉన్నది. అదీగాక, వికారాబాదు, తాండూరు బడులలో నేను పాఠం చెప్పిన పిల్లలే ఇవాళ ఆ వర్తకుల ఎదుట డబ్బు పట్టుకొని నిలబడుతున్నారు.

ముందుగా పేరు సంగతి. 'సాలిడ్ స్టేట్' అంటే ఘనస్థితి. లోపల తిరిగే పళ్లెం గాని, కదిలే సూది గాని లేకుండా సిలికాన్ చిప్పులలో సమాచారాన్ని నిలిపే పరికరం కనుక దానికి ఆ పేరు. మన భాషలో 'ఘన' శబ్దానికి గట్టిది అనే అర్థం ఉన్నది, గొప్పది అనే అర్థమూ ఉన్నది. శాస్త్రజ్ఞుడు మొదటి అర్థంలో పెట్టిన పేరును వర్తకుడు రెండవ అర్థంలో చలామణి చేస్తున్నాడు.

రెండవ మాట 'మైనింగు'. గని అంటే ఏమిటో తాండూరు వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. నాపరాయి గనుల అంచున పుట్టి పెరిగినవాళ్లం. గనిలోకి మనిషి దిగుతాడు, బండ పైకి వస్తుంది, కోత పడుతుంది, పాలిషు పడుతుంది, ఎవరో ఒకరి ఇంటి నేల అవుతుంది. కంప్యూటరు గనిలో జరిగేది ఇది కాదు. బిట్‌కాయిన్‌నే తీసుకోండి. కొన్ని లావాదేవీలను ఒక మూటగా కట్టి, దానికి ఒక అంకె జోడించి, ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితపు మరలో వేస్తారు. వచ్చిన ఫలితం నిర్ణయించిన హద్దుకు లోబడితే గెలుపు. లోబడకపోతే అంకె మార్చి మళ్లీ వేయాలి. ప్రపంచంలోని యంత్రాలన్నీ రేయింబవళ్లు ఇదే పని చేస్తే సగటున పది నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవారికి కొత్తగా పుట్టే బహుమానం 2024 ఏప్రిల్ నుంచి 3.125 బిట్‌కాయిన్లు. దీనికి గని అని పేరు పెట్టినవాడు గడుసువాడు. లాటరీ అని పెట్టి ఉంటే మన పిల్లల తల్లిదండ్రులైనా ఒకసారి ఆలోచించి ఉండేవారు.

ఇక డిస్కు పాత్ర ఎంత? పైన చెప్పిన లెక్క అంతా ప్రాసెసరులోనో, గ్రాఫిక్స్ కార్డులోనో, ఆ పనికే చేసిన ప్రత్యేక చిప్పులోనో జరుగుతుంది. ఎథీరియంకు మైనింగు ఉన్న రోజులలో కావలసిన పెద్ద పట్టిక కూడా కార్డు సొంత మెమరీలోనే ఉండేది. 2020 చివరికి ఆ పట్టిక 4 గిగాబైట్లు దాటి చిన్న కార్డులను మూలకు పంపింది గాని డిస్కును తాకలేదు. మొనేరో 2019 నవంబరులో తెచ్చుకొన్న రాండమ్‌ఎక్స్ పద్ధతికి 2 గిగాబైట్లకు పైచిలుకు ర్యామ్ కావాలి. అక్కడా డిస్కుకు పని లేదు. యంత్రం మేలుకొన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమును, మైనింగు ప్రోగ్రామును అందించడం, ఆ తరువాత అప్పుడప్పుడు నాలుగు పంక్తుల దినచర్య రాసుకోవడం, ఇంతే డిస్కు ఉద్యోగం. బడిలో గంట కొట్టే అటెండరు వంటిది అది. గంట మోగకపోతే బడి మొదలుకాదు, నిజమే. అయితే వెండి గంట తెచ్చి కట్టినంత మాత్రాన పిల్లలకు ఎక్కాలు రావు.

ఇంత చిన్న సంగతి తాండూరులో ఎంత పెద్దదైందో వినండి. పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే నా పాత శిష్యుడు ఒకడు కొటేషన్ కాగితం పట్టుకొని వచ్చాడు. సొంతంగా రాయి కోసే మిషను పెట్టుకోవాలని కొన్నేళ్లుగా కూడబెట్టిన డబ్బుతో మైనింగు కంప్యూటరు కొంటాడట. కాగితంలో ఆరు కార్డుల కింద '2 టెరాబైట్ల ఎన్‌వీఎంఈ డిస్కు, మైనింగు స్పెషల్' అని ఒక పంక్తి ఉన్నది.

"ఇంత పెద్ద డిస్కు ఎందుకు నాయనా?" అని అడిగాను.

"డిస్కు పెద్దగుంటే కాయిన్లు జల్ది వస్తయంట సార్. దుకాణపాయన చెప్పిండు. వీడియోల గూడ అట్లనే చెప్పిండ్రు."

ఈ ఒక్క మాట నన్ను ఈ టపాకు పురికొల్పింది. వాడు చదువురాని వాడు కాడు. నా దగ్గర పదవ తరగతి చక్కగా చదివినవాడు. వాడికి తెలిసిన భాషలో నిజం చెప్పినవారు లేరు, అబద్ధం చెప్పినవారు మాత్రం పదిమంది ఉన్నారు. 'మైనింగు స్పెషల్' అన్నది ఆ కాగితం మీద పుట్టిన బిరుదు. ఆ డిస్కు ఆ యంత్రం ఆర్జనకు ఒక్క పైసా కలపదు.

కలపకపోవడమే కాదు, కొన్నిచోట్ల తీసివేస్తుంది కూడా. మదర్‌బోర్డు మీద ఎం.2 గూటిలో ఎన్‌వీఎంఈ డిస్కు పెడితే, పలు నమూనాలలో పక్కనున్న పీసీఐ స్లాటో, సాటా పోర్టో పనిచేయడం మానుకొంటుంది. రెండూ ఒకే దారిని పంచుకోవడం దీనికి కారణం. ఆరు కార్డులు పెట్టాలని బోర్డు కొన్నవాడికి డిస్కు వలన ఒక కార్డు చోటు పోతే, ఆ గొప్ప డిస్కు లాభమా నష్టమా? కొనేముందు బోర్డుతో వచ్చే పుస్తకంలో ఆ పేజీ చదవాలి. హైవ్ ఓఎస్ వంటి మైనింగు వ్యవస్థలు చిన్న పెన్ డ్రైవు మీద కూడా నడుస్తాయి. అయితే చౌకరకం పెన్ డ్రైవు నిరంతరం రాసే దినచర్యకు తట్టుకోలేక త్వరగా చస్తుంది. కనుక 120 గిగాబైట్ల మామూలు సాటా ఎస్సెస్డీ చాలు. కరెంటు హఠాత్తుగా పోతే రాస్తూ ఉన్న డిస్కు లోపలి పట్టిక చెడే ప్రమాదం ఉన్నది. దానికి మందు యూపీఎస్, పెద్ద డిస్కు కాదు.

వర్తకుడి పక్షాన రెండు వాదాలు ఉన్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు.

మొదటిది: బిట్‌కాయిన్ లావాదేవీల పూర్తి చిట్టా 500 గిగాబైట్లు ఎన్నడో దాటింది కదా, దాన్ని దాచుకోవడానికి పెద్ద డిస్కు వద్దా అంటారు. పూర్తి చిట్టాను సొంతంగా ఉంచుకొని సరిచూసుకొనే వారికి తప్పక కావాలి. పూల్‌లో చేరి మైనింగు చేసే చిన్నవాడికి చిట్టా అవసరం లేదు. చిట్టా పని పూల్ నడిపేవారు చూసుకొంటారు, ఇతనికి లెక్క ముక్కలు మాత్రం పంపుతారు. ఒకరి అవసరం చూపించి ఇంకొకరికి సరుకు అమ్మడం ఇది.

రెండవది బలమైన వాదం. డిస్కే పనిముట్టు అయిన నాణెం ఒకటి నిజంగా వచ్చింది. బిట్‌టొరెంట్ సృష్టికర్త బ్రామ్ కోహెన్ 2021 మార్చిలో ఆరంభించిన చియా అది. అందులో ముందుగా ఒక్కొక్కటి సుమారు 109 గిగాబైట్ల 'ప్లాట్లు' తయారుచేసి మామూలు హార్డ్ డిస్కులలో నింపుకోవాలి. ఒక్క ప్లాటు తయారీకి ఎస్సెస్డీ మీద తాత్కాలికంగా రాసే రాత దాదాపు 1.4 టెరాబైట్లు ఉండేది. ఎస్సెస్డీలోని ప్రతి కణమూ కొన్ని మార్లు మాత్రమే చెరిపి రాయడానికి పనికివస్తుంది. చెరిపిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. అందుకే తయారీదారులు టీబీడబ్ల్యూ అనే అంకె ఇస్తారు. ఇన్ని టెరాబైట్ల రాత వరకే మా పూచీ అని దాని భావం. సామ్‌సంగ్ 970 ఈవో ప్లస్ 1 టెరాబైటుకు ఆ అంకె 600. ఒక్కొక్క కణంలో నాలుగేసి బిట్లు కుక్కిన ఇంటెల్ 660పీ 1 టెరాబైటుకు 200.

భాగహారం చేయండి. మొదటి దానితో 428 ప్లాట్లు, రెండవ దానితో 142. రోజుకు పది ప్లాట్లు చేసేవాడికి మొదటి డిస్కు పూచీ నెలన్నర లోపల తీరుతుంది, రెండవది రెండు వారాలలో. మామూలు మనిషి ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసే వస్తువు ఇది! పూచీ తీరిన మరుక్షణం డిస్కు చస్తుందని కాదు. ఆపై చస్తే అడిగే దిక్కు లేదని. పచ్చని నాణెం అని ప్రచారం చేసుకొన్న చియా ఇలా డిస్కులను తిన్నది. తరువాత ప్లాట్లను ర్యామ్‌లోనే తయారుచేసే పద్ధతులు వచ్చాయి. నాణెం సంగతేమో, 2021 మేలో వందల డాలర్లు పలికినది 2023 నాటికి పదుల డాలర్లకు దిగింది. డిస్కు నిజంగా అక్కరకు వచ్చిన ఈ సందర్భంలో కూడా కావలసింది పెద్ద డిస్కు కాదు, ఎక్కువ రాతకు తట్టుకొనే డిస్కు. వర్తకుడు సైజు చూపిస్తాడు. టీబీడబ్ల్యూ అడిగితే మాట మారుస్తాడు. వాపును చూసి బలుపు అనుకోమంటాడు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. ఆ ఆరు కార్డులతో ఏమి తవ్వుతారు? బిట్‌కాయిన్ గ్రాఫిక్స్ కార్డుల చేయి దాటి పదేళ్లకు పైనే అయింది. అది ఏసిక్ యంత్రాల రాజ్యం. కార్డుల యజమానులకు అన్నం పెట్టిన ఎథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగునే వదిలివేసింది. మిగిలినవి చిన్న నాణేలు. వాటి మీద ఆ నిరుద్యోగ కార్డులన్నీ ఒక్కసారిగా పడ్డాయి. కరెంటు లెక్క చూడండి. ఆరు కార్డుల యంత్రం 800 వాట్లు లాగుతుందనుకొంటే రోజుకు 19 యూనిట్ల పైచిలుకు, నెలకు 576 యూనిట్లు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు అనుకొన్నా నెలకు 4,608 రూపాయలు. తాండూరు ఎండాకాలంలో ఆ గదిని చల్లబరచే ఖర్చు దీనికి అదనం.

పన్ను సంగతి ఏ వీడియోలోనూ వినలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నియమం ప్రకారం ఈ నాణేల బదిలీ మీద వచ్చే లాభానికి పన్ను 30 శాతం. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెం లాభంలో తగ్గించుకొనే వీలు లేదు. మైనింగు యంత్రాలకు పెట్టిన ఖర్చును కొనుగోలు ఖర్చుగా లెక్కించబోమని 2022 మార్చిలోనే కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంటే ఆ డిస్కు ఖర్చు కూడా మీ నెత్తినే. "సుప్రీం కోర్టు ఒప్పుకొన్నది కదా" అని దుకాణదారుడు అంటాడు. 2020 మార్చి 4న కోర్టు కొట్టివేసింది, ఈ లావాదేవీలకు బ్యాంకులు సేవలు అందించరాదన్న 2018 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులరును. లాభం వస్తుందని కోర్టు ఎవరికీ హామీ ఇవ్వలేదు.

వికారాబాదు జంక్షన్‌లో ఒక దారి తాండూరు మీదుగా వాడికి, మరొక దారి బీదరుకు పోతాయి. తాండూరుకు పోవలసినవాడు బీదరు బండి ఎక్కి, కిటికీ పక్క సీటు కోసం కొట్లాడితే ఏమనాలి? ఏ డిస్కు మంచిదన్న చర్చ ఆ కిటికీ సీటు చర్చ. ముందు బండి చూసుకోవాలి.

మా శిష్యుడితో ఈ లెక్కలన్నీ కాగితం మీద వేయించాను, నేను వేసి ఇవ్వలేదు. మొదట డిస్కు పంక్తి కొట్టివేశాడు. కరెంటు లెక్క దగ్గర చాలాసేపు ఆగాడు. "సోచాయిస్త సార్" అని వెళ్లాడు. మర్నాడే దుకాణం నుంచి ఫోను వచ్చిందట, ఈ ధర ఈ ఒక్క రోజే అని. వాడు ఏమి చేస్తాడో నాకు తెలియదు. డబ్బు వాడిది, నిర్ణయమూ వాడిదే.

చివరగా మీతో ఒక మాట. కంప్యూటరులో తెలుగు రాయడం ఎలాగో ఒకరికొకరం పైసా ఆశించకుండా నేర్పుకొన్న వాళ్లం మనం. కంప్యూటరు లోపలి సంగతులు కూడా తెలుగులో, నిదానంగా, అమ్మకం లేకుండా రాయగలవారు మనలో ఎందరో ఉన్నారు. మనం కవితలకూ జ్ఞాపకాలకూ పరిమితమై ఆ చోటు ఖాళీగా వదిలితే, అక్కడ దుకాణదారుడు కుర్చీ వేసుకొని కూర్చుంటాడు; కూర్చున్నాడు కూడా. టీబీడబ్ల్యూ అంటే ఏమిటో, పూల్ అంటే ఏమిటో తలా ఒక పుట రాయండి. నాతో విభేదించేవారు నిరభ్యంతరంగా వ్యాఖ్య రాయవచ్చు. ఒక్కటే నియమం: కరెంటు బిల్లు, పన్ను, అరిగిపోయిన డిస్కు, ఈ మూడూ తీసివేసిన తరువాత మిగిలిన లెక్కతో రండి.

సెలవు.