పందులకు రెండెకరాలు చూపించండి



మన ఊళ్లలో పంది మాట వచ్చిందంటే అది ఫిర్యాదే. కాలువ పెళ్లగిస్తోందని, కుప్ప చిమ్మేస్తోందని, జ్వరాలు తెస్తోందని. ఇందులో నిజం లేకపోలేదు. మెదడువాపు వైరస్ పంది ఒంట్లో పెరుగుతుంది, దోమ దాన్ని మనిషికి చేరుస్తుంది. మనుషులు బయలుకు వెళ్లే చోట మేసిన పంది కండలో బద్దెపురుగు తిత్తులు పడతాయి. కాబట్టి పందులు వీధిలో తిరగకూడదనే వాళ్లతో నాకు పేచీ లేదు. మరి ఎక్కడ ఉండాలో చెప్పకుండా పట్టి లారీకెక్కించడమే పరిష్కారం అనేవాళ్లతోనే పేచీ.

ఆ పని ఈజిప్టు చేసి చూసింది. కైరోలో ఇంటింటి చెత్త ఎత్తి, అందులోని తిండి వ్యర్థాలతో పందులు మేపుకునే జబ్బాలీన్ అనే జనం ఉన్నారు. 2009లో స్వైన్ ఫ్లూ భయంతో ప్రభుత్వం దేశంలోని పందులన్నిటినీ, దాదాపు 3 లక్షలు, చంపించింది. ఆ జ్వరం మనిషి నుంచి మనిషికి పాకుతోందని, పందుల్ని చంపి లాభం లేదని నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత తినేవాళ్లు లేని ఎంగిలంతా కైరో వీధుల్లో కుళ్లింది. జబ్బాలీన్ల బతుకుతెరువు పోయింది, ఊరూ కంపుకొట్టింది.

పావగడ పురసభవారిని అడిగేది ఒకటే: ఊరికి దూరంగా, నీళ్లూ కరెంటూ ఉన్న రెండెకరాలు. ఇదే తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల 2,050 మెగావాట్ల సోలార్ పార్కుకు 13,000 ఎకరాలు కుదిరాయి. రైతుల దగ్గర లీజుకు తీసుకుని మరీ కుదిర్చారు. ఎండ కోసం అంత భూమి దొరికిన చోట పందుల దొడ్లకు రెండెకరాలు దొరకవంటే నమ్మేదెవరు?

ఇక పందులు పెంచే అన్నలకు, అక్కలకు ఒక మాట. స్థలం అడిగే గొంతు ఒక్కరిదైతే ఆఫీసు గుమ్మం దాటదు. పాలు పోసేవాళ్లకు డెయిరీ సంఘం ఉంది. గొర్రెలవాళ్లకు సహకార సంఘాలున్నాయి, వాటికి అండగా రాష్ట్ర స్థాయిలో ఒక నిగమే ఉంది. మీకు ఏముంది? జాతీయ పశుసంపద మిషన్ కింద 50 ఆడపందులు, 5 మగపందుల ఫారానికి ఖర్చులో సగం, 15 లక్షల దాకా, సబ్సిడీ ఇస్తారు. మూడు నాలుగు పందులున్న ఇల్లు ఆ లెక్కను అందుకోలేదు. కానీ ఇంటికి ఐదు చొప్పున పది ఇళ్లు కలిస్తే 50 అవుతాయి. స్వయంసహాయక సంఘాలకూ, ఉమ్మడి పూచీ బృందాలకూ ఈ పథకంలో చోటుంది. మిగతా ఖర్చుకు బ్యాంకు అప్పో సొంత డబ్బో కావాలి, సొంతమో లీజో స్థలం చూపించాలి. అందుకే స్థలం, సంఘం ఒకదాని వెంట ఒకటి రావాలంటున్నాను.

పేర్లు రాయించుకోవడానికి మీ పెద్దలు ఎందుకు జంకుతారో తెలియనిది కాదు. ఇక్కడ కొరచ, కొరమ అన్నా, ఆంధ్ర వైపు ఎరుకల అన్నా, బ్రిటిషువాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద ముద్ర పడినవాళ్లే. సర్కారు పుస్తకంలో పేరెక్కడమంటే మీ తాతలకు ఠాణాలో హాజరు చెప్పుకోవడం. ఆ చట్టం 1952లో పోయింది. ఇప్పుడు పుస్తకంలో పేరు లేకపోతే నష్టం మీకే. చెవికి ట్యాగు ఉన్న పందికే బీమా, ప్రీమియంలో మీ వాటా 15 శాతమే. కిసాన్ క్రెడిట్ కార్డు పందులు పెంచేవాళ్లకూ ఇస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రోగం సంగతి. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, పశువైద్యశాలలో అడిగి తప్పకుండా వేయించండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడి, 2022కల్లా కేరళ వయనాడు దాకా దిగింది. మనుషులకు సోకదు గానీ, దొడ్లో చొరబడితే పిల్లా తల్లీ తేడా లేకుండా తుడిచిపెడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. రోగం కనబడ్డాక ప్రభుత్వం చంపించిన పందికి పరిహారం వస్తుంది, అంతకుముందే చచ్చినదానికి రాదు. జ్వరంతో మేత మానిందనగానే డాక్టరుకు చెప్పినవాడికే ఎంతో కొంత చేతికొస్తుంది. గుట్టుగా కోసి అమ్మేసినా, రాత్రికి రాత్రి సంతకు తోలినా ఆ మాంసంతో, ఆ పందితో రోగం పక్క ఊరికి పోతుంది. మడకశిర, హిందూపురం ఎంత దూరమని?

ఈ రోగం ఎక్కువగా వచ్చేది ఎంగిలి కూడుతోనే. హోటలు నుంచి తెచ్చిన కూడును అరగంట తెర్లించి, ఆరాక పెట్టండి. కట్టెల ఖర్చు అంటారేమో, పది కుటుంబాలకు ఒకే పెద్ద గుండిగ చాలు. బూజు పట్టిన చెనక్కాయ చెక్క చౌకగా వచ్చినా కొనకండి, ఆ బూజు విషం పందుల కాలేయాన్ని తింటుంది. జాతి మార్చాలనుకునేవాళ్లు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో అడగండి. నాటు పందికి సీమ పందిని కలిపి తీసిన రకాలు అక్కడున్నాయి.

చివరగా హోటళ్లవారికి, కల్యాణమంటపాలవారికి. శనివారాల్లో, శ్రావణమాసంలో శనిమహాత్మ గుడికి వచ్చే జనంతో ఎంత తిండి మిగులుతుందో మీకే బాగా తెలుసు. దాన్ని కాలువలో పోయకండి, మూతున్న డ్రమ్ములో వేయండి. ప్లాస్టిక్ కవర్లు, టీ కప్పులు, పుల్లలు అందులో కలపకండి, పంది పేగులో అవి అడ్డం పడతాయి. పంది మాంసం ముక్కలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు. సంఘంవాళ్లు వచ్చి డ్రమ్ము అడిగిన రోజున వెనుక గుమ్మం దగ్గర నిలబెట్టకుండా, ముందు నుంచి పిలిచి ఇవ్వండి.